మా ఇంటి కారు: కొన్ని కొలతలు

కారు కొనడం మా ఇంట్లో మగవాళ్ళ పండగ. ఉగాదికి పచ్చడి కలిపేదీ, సంక్రాంతికి అరిసెలు వండేదీ మేమే. కారు కొనేటప్పుడు మాత్రం సీటు కవర్ల రంగు చెప్పడంతో, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడంతో మా పాత్ర ముగిసిపోతుంది. 1988లో మా నాన్న మారుతి 800 కొన్నప్పుడూ అంతే, 2012లో మేం సెడాన్ కొన్నప్పుడూ అంతే. ఇంజను, మైలేజీ, రీసేల్ విలువ – ఈ మూడు మాటల చుట్టూ నెలల తరబడి చర్చలు సాగుతాయి. బండిలో ఎవరెక్కుతారు, ఎలా ఎక్కుతారు, ఎక్కాక కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటారు అన్న ప్రశ్న ఆ చర్చల్లో వచ్చినట్టు నాకు గుర్తులేదు.

'ఫ్యామిలీ కార్' అనే మాట వినగానే మీకు ఏ బొమ్మ కనిపిస్తుంది? స్టీరింగు ముందు భర్త, పక్కన నవ్వుతూ భార్య, వెనక ఒక బాబు, ఒక పాప. ఈ మధ్య ప్రకటనల్లో కిటికీలోంచి తల బయటపెట్టి గాలికి చెవులు ఎగరేసే బంగారు రంగు కుక్క కూడా చేరింది. అలా తల బయట పెట్టనివ్వడం దాని కళ్ళకీ మెడకీ ఎంత ప్రమాదమో ప్రకటన తీసినవాళ్ళకి పట్టదు. ఆ కుక్కకి అన్నం పెట్టేదెవరు, సీటు మీద రాలిన బొచ్చు దులిపేదెవరు అన్నది కూడా అందులో ఉండదు.

మా ఇంట్లో ఉండేది నేనూ, నా సహచరుడూ (ఈ పత్రికలో ఆ మాటే రాయాలి గానీ, కారు విషయంలో ఆయన అచ్చంగా భర్తే), ఎనభై రెండేళ్ళ మా అమ్మ, రెండు పెద్ద కుక్కలు. అమ్మాయి పూనాలో ఉంటుంది. కుక్కల్లో ఒకటి రాకీ, జర్మన్ షెపర్డ్. మా పక్కింటివాళ్ళు అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ గేటుకి కట్టేసి వదిలిపోయారు. పేరు వాళ్ళు పెట్టిందే, మార్చలేదు. రెండోది కాటుక, నల్ల లాబ్రడార్. పిల్లలు పెట్టడానికి పనికొచ్చినన్నాళ్ళు అమ్ముకుని, పనికిరాదనుకున్నాక రోడ్డు మీద వదిలేశారు. దాని పొట్ట కింద సాగి వేలాడే చర్మం చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆడజన్మల గురించి ముప్పై ఏళ్ళు తరగతి గదిలో చెప్పినదంతా ఆ చర్మంలో కనిపించింది.

రాకీ 36 కిలోలు, కాటుక 29. ఇద్దరికీ వండటం, నడకకి తీసుకెళ్ళడం, గోళ్ళు కత్తిరించడం, టీకాలు, పేలమందు – అన్నీ నా పనులే. ఆయన సాయంత్రం కుర్చీలో కూచుని రాకీ తల నిమురుతాడు. "మా కుక్కలు" అంటాడు ఫోన్లో మిత్రులతో. నేను "నా పని" అంటాను. బండి ఎలాంటిదుండాలో చెప్పే హక్కు పని చేసేవాళ్ళకి ఉండాలని గట్టిగా అనుకున్నది మాత్రం 2023 జనవరిలో ఒక రాత్రి.

ఆ రాత్రి పదకొండింటికి రాకీ వాంతి చేసుకోబోయి చేసుకోలేక అటూ ఇటూ తిరగసాగింది. నోట్లోంచి నురగ తప్ప ఏమీ రావడం లేదు. పొట్ట డోలులా బిగిసింది. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతి కుక్కల్లో జీర్ణాశయం గాలితో ఉబ్బి, మెలి తిరిగిపోవడం ఒక భయంకరమైన రోగం. గంటల్లో ప్రాణం పోతుంది. మందులతో కుదరదు, కోసి సరిచేయాలి. ఆయన పనిమీద విజయవాడ వెళ్ళాడు, కారు ఆయనతోనే ఉంది. ఫోనులో పిలిచిన క్యాబ్‌లు మూడు వచ్చినట్టే వచ్చి, కుక్కని చూసి వెళ్ళిపోయాయి. ఆటోవాళ్ళూ అంతే. వాళ్ళని తప్పు పట్టను, బొచ్చు రాలితే మర్నాడు బేరం పోయేది వాళ్ళకే. ఎదురింటాయన కారుంది, కానీ సీట్లు కొత్తవట.

చివరికి వీధి మొగలో కూరగాయలమ్మే అక్క తలుపు కొట్టాను. "అయ్యో, గిదేం కష్టమమ్మా. మా పెనిమిటిని లేపుతా, ట్రాలీల ఏస్కపోండ్రి" అంది. పొద్దున మార్కెట్ కోసం సిద్ధంగా పెట్టుకున్న ఖాళీ గోనెసంచులే పక్కగా పరిచాం. ఆ ట్రాలీ వెనక, జనవరి చలిలో, రాకీ తల ఒళ్ళో పెట్టుకుని నేను, దాని కాళ్ళు పట్టుకుని ఆవిడ. పొట్ట మళ్ళీ తిరక్కుండా జీర్ణాశయాన్ని లోపలి గోడకి కలిపి కుట్టారు. బతికింది. ఇంకో గంట ఆలస్యమైతే కోసే అవసరం ఉండేది కాదన్నారు డాక్టరుగారు, ఆవిడ ధోరణిలో.

అందుకని పోయిన ఏడాది నేను ఉద్యోగ విరమణ చేసి, పదమూడేళ్ళ సెడాన్‌ని మార్చేద్దామన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు, బండి నా డబ్బుతో, నా పేరు మీద, నా కొలతలతో కొంటానన్నాను. "కుక్కల కోసం కారేంటి, నలుగురూ నవ్విపోతారు" అన్నాడాయన. నవ్వే నలుగురిలో ఆ రాత్రి వచ్చినవాళ్ళు ఎవరున్నారని అడిగాను.

కొలతలంటే నిజంగానే కొలతలు. కుట్టుమిషను డబ్బాలోంచి టేపు తీసి కొలిచాను. ముక్కు నుంచి తోక మొదలు దాకా రాకీ 105 సెంటీమీటర్లు, భుజం దగ్గర ఎత్తు 64. పక్కకి వాలి కాళ్ళు చాపి పడుకుంటే ఎంత చోటు కావాలో పాత దుప్పటి మీద సుద్దతో గీసి కత్తిరించాను. కాటుకకి ఇంకో ముక్క. ఆ రెండు ముక్కలూ మడిచి చేతిసంచిలో వేసుకుని నాలుగు షోరూములు తిరిగాను. ప్రతిచోటా డిక్కీ తలుపు తెరిపించి అవి పరిచాను. అమ్మే కుర్రాళ్ళు మొదట నవ్వారు. తర్వాత ఒకడు మోకాళ్ళ మీద కూచుని అంచులు సరిచేశాడు. వాళ్ళమ్మ టైలరట.

కంపెనీ కాగితాల్లో డిక్కీ చోటుని లీటర్లలో ఇస్తారు. కుక్కని బిందెతో నీళ్ళు పోసినట్టు పొయ్యలేం కదా! లీటర్ల లెక్కలో మూలలు, గుంటలు అన్నీ కలిసిపోతాయి. కుక్కకి కావలసింది చదునైన నేల, చక్రాల గూళ్ళ మధ్య వెడల్పు, నిలబడి వెనక్కి తిరగడానికి ఎత్తు, తలుపు ఎంత నిటారుగా తెరుచుకుంటుందన్నది. సెడాన్లయితే సరేసరి, ఆ డిక్కీ మూసిన పెట్టె, సూట్‌కేసుకే పనికొస్తుంది. అప్పుడు కుక్క వెనక సీట్లోకి రావాలి, అమ్మ ఇంట్లో ఉండిపోవాలి. ఇన్నాళ్ళూ జరిగింది అదే. ఊళ్ళో పెళ్ళికి అమ్మ వస్తే కుక్కల కోసం నేను ఆగిపోవడం, లేదా కుక్కల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే అమ్మ ఒక్కతే ఇంట్లో ఉండటం. రైల్లో పోదామంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మాకే దొరకాలి. లేదంటే కుక్క గార్డు పెట్టెలోని ఇనప గూట్లో ఒంటరిగా ప్రయాణం చెయ్యాలి.

వెనక తలుపున్న బండ్లలో కూడా తేడాలున్నాయి. ఇప్పుడు అందరూ మోజుపడే ఎత్తు బండ్లు బయటికి ఏనుగుల్లా ఉంటాయి గానీ, వెనక అద్దం ఏటవాలు, డిక్కీ గుమ్మం ఎత్తు. తుంటి కీళ్ళు అరిగే రోగం షెపర్డ్‌లకీ లాబ్రడార్లకీ ఎక్కువ. అంత ఎత్తుకి ఎగరడం, దూకడం వాటి వయసుకి మంచిది కాదు. సీఎన్జీ అయితే ఖర్చు కలిసొస్తుందని ఆయన అన్నాడు. చాలా బండ్లలో ఆ సిలిండరు పడుకునేది సరిగ్గా రాకీ పడుకోవలసిన చోట. మారుతి ఓమ్ని గుర్తుందా? చదునైన నేల, పక్కకి జరిగే తలుపు, కుక్కలకి అంతకన్నా మంచి బండి ఉండేది కాదేమో. 1984లో వచ్చి 2019లో ఆగిపోయింది. మన సినిమాల్లో ఆడపిల్లని ఎత్తుకుపోవాలంటే దర్శకులకి ఆ బండే కావాల్సొచ్చేది. దాని తర్వాత వచ్చిన ఈకో చూశాను. చోటు బ్రహ్మాండం, కానీ ఏసీ గాలి ముందు నుంచే రావాలి.

ఆ గాలి విషయం దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే షోరూముల్లో ఎవరూ చెప్పనిది ఇదే. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల అడుగున తప్ప. నాలుక చాపి ఒగర్చడమే దాని చల్లదనం. చుట్టూ ఉన్న గాలే వేడెక్కితే ఆ ఒగర్పు పనిచెయ్యదు. 2005లో కాలిఫోర్నియా వైద్యులు ఎండలో నిలిపిన కార్లలో వేడి కొలిచారు. బయట 22 నుంచి 36 డిగ్రీల మధ్య ఉన్న రోజుల్లో గంటలో లోపల సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో ఐదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే. కిటికీ అద్దం కాస్త దించి ఉంచినా తేడా పెద్దగా రాలేదు. మన మే నెల 42 డిగ్రీలకి ఆ లెక్క వేసుకోండి. "ఐదు నిమిషాల్లో వస్తా" అని కుక్కనో పిల్లనో కార్లో ఉంచి దిగే పని ఎవరూ చెయ్యకూడదు. బండి నడుస్తున్నప్పుడు కూడా ముందు సీట్లో మనం శాలువా కప్పుకునేంత చలిలో ఉండగా, సీట్ల వెనక అద్దం కింద కుక్క ఉడికిపోతూ ఉండొచ్చు. అందుకే వెనక దాకా ఏసీ గొట్టాలున్న బండి తప్ప వద్దన్నాను.

అలాంటివి సాధారణంగా మూడు వరసల బండ్లు. ఇక్కడ పన్ను అడ్డొస్తుంది. 2006 బడ్జెట్లో 4 మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిలు 1500 సీసీ మించని కార్లకి ఎక్సైజు 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. అప్పట్నుంచీ మన కార్ల తోకలు తెగిపోయాయి. 2012లో డిజైర్‌ని 4 మీటర్లలోకి తేవడానికి డిక్కీనే కోసేశారు. ఆ గీత ఇప్పటికీ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ గీత లోపలి బండికి జీఎస్టీ 18 శాతం, దాటితే 40. పన్ను లేకుండా 7 లక్షల బండి అనుకుంటే, లోపలైతే పన్ను లక్షా 26 వేలు, బయటైతే 2 లక్షల 80 వేలు. ఎర్టిగా నాకు నచ్చింది. మూడో వరస మడిచేస్తే మా దుప్పటి ముక్కలు రెండూ హాయిగా పరుచుకున్నాయి. కానీ అది గీత అవతల ఉంది, నా డబ్బుకి అవతల కూడా.

ఇంకొకటి మిగిలింది, నా సొంత కొలత. నా ఎత్తు 152 సెంటీమీటర్లు. కార్ల భద్రతను పరీక్షించే బొమ్మల గురించి మీలో కొందరు చదివే ఉంటారు. ప్రపంచమంతా ఎక్కువగా వాడే హైబ్రిడ్ త్రీ అనే బొమ్మ 1970ల అమెరికన్ సగటు మగవాడు – 175 సెంటీమీటర్లు, 78 కిలోలు. ఆడబొమ్మ ఉంది గానీ, అది ఆ మగబొమ్మనే చిన్నది చేసి తయారుచేసింది. సగటు స్త్రీ కాదు, అతి చిన్న స్త్రీ. అంటే దాదాపు నేనే. మన దేశంలో 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలు ఇస్తోంది. అందులోనూ ముందు నుంచి గుద్దే పరీక్షలో స్టీరింగు దగ్గర కూచునేది ఆ సగటు మగవాడే. ముందు నుంచి గుద్దుకున్న ప్రమాదాల్లో బెల్టు పెట్టుకున్న స్త్రీలకి తీవ్రంగా గాయపడే అవకాశం పురుషులకన్నా 73 శాతం ఎక్కువని 2019లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. సగటు స్త్రీ దేహంతో మొదటి బొమ్మని స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం 2022లో చూపించింది, 162 సెంటీమీటర్లు, 62 కిలోలు. ఇన్ని దశాబ్దాలు ఆడదాని నడుము, మెడ ఎవరికీ లెక్కలోకి రాకపోతే, ఇక కుక్క సంగతేం అడుగుతాం!

కుక్క లెక్క మనమే వేసుకోవాలి. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి సెకనులో పదోవంతులో ఆగిపోతే, లోపలున్నది తన బరువుకి 14 రెట్లతో ముందుకు విసురుకుపడుతుంది. కట్టెయ్యని రాకీ అప్పుడు అర టన్ను. అది వచ్చి తగిలేది మధ్య వరసలో ఉన్న మా అమ్మ వీపుకి. కాబట్టి సీట్ల వెనక ఇనప జాలీ, లేదా నేలకి బిగించిన బోను ఉండాలి. అవి లేకపోతే ఛాతీ చుట్టూ వేసే పట్టీని సీటు బెల్టుకి తగిలించాలి. మెడపట్టీకి మాత్రం ఎప్పుడూ కట్టకూడదు, మెడ విరుగుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక మా ఆయన మొదటిసారి కుర్చీ నా పక్కకి జరుపుకున్నాడు. ఆయన ఇంజనీరు. కుక్క మాట వినడుగానీ అంకె మాట వింటాడు.

నాలుగో షోరూములో అమ్మకాల మేనేజరు ఆయన్నే చూస్తూ మాట్లాడాడు. పవర్, టార్క్ అన్నీ "సార్"కి. నావైపు తిరిగి "మేడమ్, మీకు అద్దం కూడా ఉంది, సన్ షేడ్ తిప్పితే" అన్నాడు. సీటు ఎత్తు పెంచుకునే మీట ఏ ధర నుంచి మొదలవుతుందని అడిగాను. పై రకాల్లోనే ఉంటుందట. పొట్టివాళ్ళు రోడ్డు చూడాలంటే ఎక్కువ డబ్బు కట్టాలన్నమాట.

చివరికి మాకు కుదిరింది ట్రైబర్. 4 మీటర్ల గీత లోపలే ఉంది. మూడో వరస సీట్లు చేత్తో ఊడదీసి ఇంట్లో పెట్టెయ్యొచ్చు, పైకప్పులోంచి అక్కడికి చల్లగాలి వస్తుంది. మధ్య వరసని కాస్త ముందుకి జరిపితే రెండు దుప్పటి ముక్కలూ అంచులు మడిచి పట్టాయి. కుక్కలెలాగూ ముడుచుకునే పడుకుంటాయి. 999 సీసీ ఇంజను ఇంతమందిని లాగుతుందా అని ఆయన సందేహం. ఘాట్ రోడ్డెక్కితే నిజమే, మూలుగుతుంది. నేనేం పందేలకి పోవడం లేదు. డిక్కీ గుమ్మం మాత్రం నా నడుముకి జానెడు కిందకి వచ్చింది. మా వడ్రంగి ఆరడుగుల ప్లైవుడ్ పలకని మధ్యకి కోసి, మడతబందులు వేసి, పైన కొబ్బరిపీచు పట్టా మేకులతో కొట్టిచ్చాడు. కాటుక మొదటి రోజే ఎక్కేసింది. రాకీకి వారం పట్టింది, రోజుకో ఉడకబెట్టిన గుడ్డు ఖర్చు.

ఇక్కడితో ఆపొచ్చు. కానీ షోరూముల్లో నేను ఎవరికీ చెప్పని కొలత ఇంకోటి ఉంది. చేతిసంచిలో మూడో దుప్పటి ముక్క.

నాకో మిత్రురాలు. సూర్యాపేట దాటాక ఒక ఊళ్ళో బడిపంతులమ్మ. ఆమె అనుమతితోనే రాస్తున్నాను, ఊరి పేరు రాయను. భర్త హోదా కోసం గేటు దగ్గర కట్టెయ్యడానికి రాజపాళయం కుక్కని తెచ్చాడు. తెల్లగా, ఎత్తుగా, సన్నగా ఉంటుంది. వారం తిరక్కుండా విసుగొచ్చింది. వెన్నెల అని పేరుపెట్టి ఈమే పెంచింది. ఆ ఇంట్లో దెబ్బలు ఇద్దరికీ పడేవి. "నువ్వు గడప దాటితే దీన్ని హైవే మీద వదిలేసి వస్తా" అనేవాడు. నాలుగేళ్ళు ఆ మాటే ఆమెకి గొలుసు. పుట్టింటివాళ్ళు "నువ్వు రా, కుక్క వద్దు" అన్నారు. హాస్టళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఇలా ఆగిపోయే ఆడవాళ్ళున్నారని గుర్తించి అమెరికాలో మెయిన్ రాష్ట్రం 2006లోనే రక్షణ ఉత్తర్వుల్లో పెంపుడు జంతువుల్ని చేర్చింది. 2018లో ఆశ్రయ గృహాల కోసం దేశం మొత్తానికీ ఒక చట్టం చేశారు. మన 2005 గృహహింస చట్టం గొప్ప చట్టం, దాని కోసం మనలో ఎందరో రోడ్డెక్కారు. అందులో స్త్రీధనం ఉంది, ఇంట్లో ఉండే హక్కు ఉంది. వెన్నెల ఎక్కడా లేదు. "ఏమే, కుక్క కోసం ఆగిపోయానంటే ఎవరైనా నమ్ముతారా?" అని అడిగింది ఒకసారి ఫోన్లో. నేను నమ్మాను.

కొత్త బండి మొదటి దూరప్రయాణం తిరుపతి అని అమ్మ మొక్కుకుంది. అమ్మకి చెప్పి, మొక్కు వాయిదా వేయించి, పోయిన కార్తీకంలో ఒక పగటిపూట, అతను ఊళ్ళో లేని రోజు చూసి, ఒక్కదాన్నే వెళ్ళాను. "దుప్పటి రెండోది కూడా పట్టుకెళ్ళు, దారిలో చలి" అంది అమ్మ. ఆయన టైర్లలో గాలి చూసిపెట్టాడు, ఇంకేమీ అడగలేదు.

మిత్రురాలి సామాను రెండు సంచులు, ఒక ఇనప్పెట్టె, సర్టిఫికెట్ల ఫైలు. వెన్నెల ఎప్పుడూ కారెక్కలేదు. పలక వాసన చూసి వెనక్కి తగ్గింది, లాగినా కదల్లేదు. పక్కింటి తలుపులు తెరుచుకోవడం మొదలైంది. అప్పుడు ఈమె చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, తనే పలక మీదుగా నడిచి డిక్కీలోకి ఎక్కి కూచుంది. వెన్నెల ఆమె వెనకే ఎక్కింది. మేం తలుపు వేసి, మధ్య సీటు మడిచి ఆమెని ముందుకి లాక్కుని, మళ్ళీ సీటు లేపి, జాలీ బిగించేసరికి పది నిమిషాలు.

సూర్యాపేట దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. చిట్యాల వచ్చాక ఏసీ కొంచెం తగ్గించమంది. వెన్నెలకి చలేస్తోందట.